చెవికి వినపడని గోగుల్లంక

నమోదు 1

ఇది అరుగు మీద పెట్టడం లేదు. పెడితే చెవి వింటుంది, చెవి వింటే నా మీదే ఓ మార్కు పడుతుంది, ఆ గొడవంతా నాకెందుకు? దేనికీ తగిలించని పాత పలకలో రాసుకుంటున్నాను. మా వినికిడి గుమాస్తాల సంఘంవాళ్ళు "చేసే పని గురించి ఎవరి మాటల్లో వాళ్ళు రాసి ఉంచుకోండి, ఎప్పటికైనా పనికొస్తుంది" అని ఏడాదిగా చెవిలో జోరీగల్లా పోరుతున్నారు. ఇన్నాళ్ళూ బద్ధకించాను. ఇవాళ మాత్రం ఒక విషయం బుర్రలో దూరి కూర్చుంది, రాస్తేగానీ వదిలేలా లేదు.

పొద్దున్నే డాబా మీద మంచువలలు పిండుకున్నాను. బిందెడు నీళ్ళు కూడా రాలేదు. పక్కింటావిడతో కలిసి కాసేపు ఆకాశాన్ని తిట్టుకుని, రెండు రాగి ఇడ్లీలు నోట్లో వేసుకుని ఆఫీసుకి పోయాను. మా ఆఫీసు పేరు బోర్డు మీద చాంతాడంత ఉంటుంది, జనం మాత్రం చెవి ఆఫీసనే అంటారు. జనం అరుగు మీద ఏం చెప్పుకున్నా, రాతలు, ఫొటోలు, వీడియోలు, ఒకళ్ళ పెళ్ళి ఫొటో కింద ఇంకొకళ్ళ ఏడుపులు, అన్నీ చెవి వింటుంది. ఏ పథకం మీద ఏ ఊరికి ఎంత మనసుందో నూటికి మార్కు వేస్తుంది. ఆ మార్కుల్ని బట్టే ప్రభుత్వం నడుస్తుంది. ఏదైనా పథకానికి వరసగా మూడు విడతలు మార్కు అడుగంటితే, దాన్ని అక్కణ్ణుంచి ఎత్తేసి, కావాలని మొత్తుకుంటున్న ఇంకో చోటికి పంపేస్తారు. చెవి విన్న మాటల్లోంచి గుప్పెడు తీసి, అది సరిగ్గా విందో లేదో చూసి సంతకం పెట్టడం నా ఉద్యోగం.

ఇవాళ నా ముందుకొచ్చింది ఏటిమొగ లంకల పడవాసుపత్రి. సముద్రం పైకొచ్చి వంతెనల్ని మింగేశాక ఆ లంకలకి ఉన్న ఆసుపత్రి అదొక్కటే. దానికొచ్చిన మార్కు పదకొండు. వరసగా ఇది రెండో విడత. ఇంకొక్క విడత ఇలాగే వస్తే పడవ ఎగువ చెరువులవైపు వెళ్ళిపోతుంది.

వాళ్ళకే అక్కర్లేనప్పుడు మనకేం పోయిందిలే అని సంతకం పెట్టబోయాను. అంతలో పడవ డాక్టరు జుబేదాగారు పంపిన వినతి కంటపడింది. "జనం పడవలో పట్టడం లేదు. మందులు చాలడం లేదు. ఇంకో నర్సుని పంపండి." అంటే పట్టనంతమంది ఎక్కుతున్నారు, దిగి అరుగు మీద కూర్చుని దుమ్మెత్తిపోస్తున్నారు. ఇదెక్కడి చోద్యం? సంతకం పెట్టకుండా పక్కన పెట్టాను.

నమోదు 2

ఫణిభూషణ్‌గారిని అడిగాను. ఆయన మా ఆఫీసుకి పెద్దాయన. చెవి చట్టం రాసినవాళ్ళలో ఒకాయన. బుగ్గలో ఎప్పుడూ శొంఠి ముక్క ఉంటుంది, కోపం వచ్చినా సంతోషం వచ్చినా దాన్ని ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకి మారుస్తారు.

"ఎక్కేవాళ్ళ లెక్క చూడొచ్చు కదా సార్? అంతమంది ఎక్కుతుంటే ఇష్టం లేదని ఎలా అంటాం?"

"ఆ లెక్క రాసేదెవరమ్మా ఇందుమతీ? పడవవాళ్ళే." శొంఠి ముక్క మారింది. "నా చిన్నప్పుడు మా ఊళ్ళో లేని బడికి నిండా హాజరు రాశారు. జనం వద్దు మొర్రో అన్న సారాకొట్టుకి 'గ్రామస్థుల కోరిక మేరకు' అని రాశారు. జనం చెప్పిందొకటి, ఆఫీసరు రాసిందొకటి. ఆ దరిద్రం వదిలించుకోడానికే కదా చెవిని పెట్టుకున్నాం? జనం నోట్లోంచి వచ్చిన మాట తప్ప ఇంకేదీ లెక్కలోకి రాకూడదు."

ఆయన అన్నదీ నిజమే. మా అమ్మ బతికుండగానే చనిపోయిందని రాసేసి పెన్షను ఎవరో తిన్నారు. తను బతికే ఉన్నానని చెప్పుకోడానికి పాపం ఆవిడ ఆఫీసుల చుట్టూ ఎంత తిరిగిందో నాకు తెలుసు. చెవి ఉంటే అలా జరిగేది కాదు. అందుకే నేనీ ఉద్యోగంలో చేరాను, ఆ మాట ఇప్పటికీ గర్వంగానే చెబుతాను.

సీట్లోకొచ్చి లంకలవాళ్ళ మాటలు ఒక్కొక్కటీ చదివాను.

"మళ్ళీ ఒచ్చేసింది పాడు పడవ. దరిద్రం."

"మా ఆయన కాలికి కట్టు కట్టింది డాక్టరమ్మ. ఆ కట్టూ, ఆవిడ మొహమూ."

"ఈ తుప్పుడబ్బాకి మాయరోగం రాదేటి?"

ఒక ఫొటో ఉంది. పడవ మెట్టు మీద చిన్నపిల్ల, చేతికి సూదిమందు గుర్తు, నోటి చుట్టూ బెల్లంజీడి, పళ్ళన్నీ కనపడేలా నవ్వు. కింద వాళ్ళమ్మ రాసింది: "ఏడిసినట్టుంది." దాని కింద ఊరంతా వచ్చి "అవునవును, ఏడిసినట్టే ఉంది" అని రాసిపోయారు. చెవి దానికి "తీవ్ర అసంతృప్తి" అని ముద్ర కొట్టింది. నవ్వుతున్న పిల్లని పట్టుకుని ఏడ్చినట్టుందంటారేం? ఎవరైనా డబ్బిచ్చి తిట్టిస్తున్నారా అనుకున్నాను. అలాంటివి చెవి ఇట్టే పట్టేస్తుంది, ఇక్కడ ఆ జాడే లేదు. ఎవరికి వాళ్ళు మనస్ఫూర్తిగా తిడుతున్నారు.

గుమాస్తాలు జనం మొహం చూడకూడదని నియమం. మొహం చూస్తే మాట మీద గురి తప్పుతుందని. అయినా సెలవు పెట్టేశాను. ఎందుకని పెద్దాయన అడిగితే సముద్రం చూడాలనుందన్నాను. "నాలుగేళ్ళాగితే అదే మన వీధిలోకి వస్తుంది, నువ్వెళ్ళడం దేనికి?" అన్నారు. అయినా సెలవిచ్చారు.

నమోదు 3

లాంచీలో వాంతులు చేసుకుంటూ గోగుల్లంక చేరాను. రేవులో ఎదురుగానే పడవాసుపత్రి. అన్ని తిట్లు చదివి వచ్చానేమో, ఏ డొక్కు పడవో ఉంటుందనుకున్నాను. తోమి బోర్లించిన గిన్నెలా తళతళలాడుతోంది. ముక్కు మీద మాత్రం ఎవరో ఇంత మసి పులిమారు. పక్కన పాత చెప్పొకటి వేలాడుతోంది. జెట్టీ పొడుగునా జనం, ముసలీ ముతకా, పిల్లాజెల్లా, కబుర్లాడుకుంటూ వరసలో నిలబడ్డారు.

"అబ్బ! ఎంత బాగుందండీ మీ పడవ!" అన్నాను. నిజంగానే అనిపించి అన్నాను.

కబుర్లు ఆగిపోయాయి. వరసలోంచి ఒక ముసలావిడ దూసుకొచ్చి, నా చుట్టూ ఇసక తిప్పి విసిరి, మూడుసార్లు థూ థూ అని ఉమ్మింది.

"ఎవత్తివే నువ్వు? నీ నోట్లో మన్ను పడ! ఎవరేటి నీకు సేసేరు?"

రెండడుగులు వెనక్కి వేశాను. నిండు నెలల మనిషొకామె ఆయాసపడుతూ వచ్చి ముసలావిడ భుజం పట్టుకుంది. "ఊరుకో అత్తా. పైనుంచొచ్చినావిడ, తెలీక అనేసింది. ఏటీ అనుకోకండి మేడంగారూ." ఆమె పేరు నూకరత్నం, ఇంటికి పెద్దకోడలు. ముసలావిడ ఆమె అత్తగారు కాసులమ్మ. ఆ లంకలో కాసులమ్మ మాటకి తిరుగులేదని తరవాత తెలిసింది.

కాసేపటికి చల్లబడి, కాసులమ్మే నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇది రెండో పడవ అమ్మాయిగోరూ. మొదట ఇంకోటి ఒచ్చింది. దానికి దండలేసేం, హారతులిచ్చేం. మాకంటే అదృష్టవంతులు లేరని అరుగు మీద రోజూ ఫొటోలెట్టుకున్నాం. ఎక్కడెక్కడోళ్ళో సూసి, అబ్బో మీకేటమ్మా అన్నారు. ఏటయ్యింది? నెల తిరక్కుండా తుపానొచ్చి ఎత్తుకుపోయింది. దాన్ని నడిపే సరంగు నా సిన్నోడే." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "దిష్టి అమ్మా. ఉత్త దిష్టి. మా నోటితో మేవే పోగొట్టుకున్నాం. ఆ రోజే లంకలన్నీ ఒట్టెట్టుకున్నాయి. ఈ పడవని ఎవరూ బాగుందనకూడదు. ఎంత కావాలనుంటే అంత తిట్టాలి."

చిన్నప్పుడు దిష్టి తగలకుండా బుగ్గచుక్క పెట్టేటప్పుడు మా అమ్మ నన్ను "కోతిపిల్లా" అనేది. ఇంత తెలిసినదాన్నే అయ్యుండి, అన్నేసి తిట్లు చదివి, ఒక్కసారి కూడా ఇది తట్టలేదేమిటి నాకు?

"కాసులమ్మగారూ, నేను చెవి ఆఫీసునుంచి వచ్చాను. మీ తిట్లన్నీ అది నిజమనుకుంటోంది. ఇంకొక్క విడత తిట్టారంటే పడవ తీసుకుపోతారు."

ఆవిడ నన్ను అనుమానంగా చూసింది. "ఆ చెవి మన తెలుగోళ్ళు సేసిందే కదా? దిష్టి సంగతి దానికి తెలీదా?"

దాన్ని తయారుచేసినవాళ్ళకి తెలుసు, వినేవాళ్ళకి తెలుసు, దానికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

నమోదు 4

రాత్రికి ఉండిపొమ్మన్నారు. చింతకాయ వేసి వండిన పీతల పులుసు పెట్టారు. తింటుంటే అత్తాకోడళ్ళకి అంటుకుంది.

నేనన్నది చిన్న మాటే. వచ్చే విడతకి పడవ గురించి నాలుగు మంచి మాటలు రాయండి చాలు అన్నాను.

"పొగిడి సముద్రానికి అప్పజెప్పమంటావా?" అంది కాసులమ్మ. "ఒక కొడుకుని ఇచ్చేను. చాల్లేదా?"

నూకరత్నం కంచం తోసేసింది. "పోయినసారి నాకు నొప్పులొచ్చినపుడు ఈ పడవ లేదు. లాంచీలో తీసుకెల్లేరు. నడి నీళ్ళలో కన్నాను మేడంగారూ, బిడ్డకి ఊపిరందలేదు. ఇప్పుడు లోపల బిడ్డ అడ్డం తిరిగుందన్నారు జుబేదామ్మ. పడవ ఎల్లిపోతే నాకు మళ్ళీ లాంచీయే. నీ ఒట్టు కోసం నేను నడి నీళ్ళలో సావాలా అత్తా? దిష్టంట దిష్టి! తుపానుకి కళ్ళున్నాయేటి, అరుగు మీద ఫొటోలు సూడ్డానికి?"

కోడలు అంత మాటంటుందని ఆవిడ ఊహించలేదు. తోసేసిన కంచాన్ని మళ్ళీ కోడలి దగ్గరికి జరిపింది. చివరికి, "సరే, పొగడండి. కానీ పొగిడిన ఎంటనే దిష్టి తీసేద్దాం. రెండూ ఒక్క రోజే అయిపోవాలి" అంది.

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఒకరికొకరు తగ్గారు, పడవ దక్కింది, ఇంకేం కావాలి అనుకున్నాను. పొద్దున్నే లాంచీ ఎక్కాను. వచ్చేటప్పుడు వాంతులు కూడా కాలేదు.

నమోదు 5

నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మూడో విడత వినడం అయింది. లంకలవాళ్ళు చెప్పినట్టే చేశారు పాపం. అందరూ ఒకే రోజు పొద్దున్న "మా పడవ బంగారం, మా డాక్టరమ్మ దేవత" అని రాశారు. ఇన్నాళ్ళూ తిట్టినవాళ్ళు ఒక్కసారిగా అందరూ ఒకే మాట రాసేసరికి చెవి "కూడబలుక్కున్న మాటలు" అని ఎత్తి అవతల పారేసింది. సరే, అక్కడితో ఆగితే బాగుండును.

సాయంత్రం దిష్టి తీశారు. అది కూడా అరుగు మీద పెట్టారు, ఘనంగా. ఊరు ఊరంతా పడవ చుట్టూ చేరి ఉమ్ముతోంది. ఎండుమిరపకాయలు నిప్పుల మీద పోసి పొగ వేశారు, ఆ ఘాటుకి జనం కళ్ళనీళ్ళు కారుతూ దగ్గుతున్నారు. ఎర్రనీళ్ళు దిగదుడిచి పారబోశారు. ఆఖర్న కాసులమ్మ ఇంత లావు గుమ్మడికాయ ఎత్తి పడవ ముక్కుకేసి బద్దలుకొట్టింది. "ఎవరి కళ్ళు పడ్డాయో ఆళ్ళ కళ్ళు పేలిపోవాలి!"

చెవి ఏం విందో రాయడానికే నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది. "పడవపై మూకుమ్మడి దాడి. నిప్పు, ఘాటు పొగ, రక్తంలాంటి ద్రవం. సిబ్బందికి ప్రమాదం. మార్కు: నాలుగు. పడవను ఎగువకు తరలించాలి." ఆజ్ఞ తయారైపోయింది. ఇక మిగిలింది ఖరారు వారం. ఆ వారంలో ఊరు మాట మార్చుకుందేమోనని చెవి చివరిసారి వింటుంది. మారలేదనుకుంటే పడవ కదుల్తుంది. నూకరత్నానికి నెలలు నిండిపోయాయి. ఆపుదామని వెళ్ళి ఇంకా చెడగొట్టాను, నేను వెళ్ళి వేలు పెట్టకపోతే ఆ గుమ్మడికాయ పగిలేది కాదు.

నమోదు 6

గుమాస్తాకి ఒక్క అధికారం ఉంది. ఒక ప్రాంతపు వాడుక చెవికి తెలియకపోతే దానికి నేర్పొచ్చు. కూర్చుని రాశాను: "ఏటిమొగ లంకల్లో తిట్టును మురిపెంగా లెక్కించాలి." ఖాయం చేసేముందు పరీక్ష చేసి చూశాను. పడవ మార్కు నాలుగునుంచి ఒక్క గెంతులో తొంభై ఆరుకి పోయింది. కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను, పక్క సీటువాళ్ళు పిచ్చెక్కిందా అని చూశారు.

తరవాత దాని కింది వరస చూశాను. "తెగిన ఉప్పుగట్టు: తొంభై నాలుగు. ప్రజలకు మిక్కిలి ఇష్టం. ఉన్నదున్నట్టు ఉంచాలి."

ఆ గట్టు తెగి ఉప్పునీళ్ళు ఇళ్ళలోకి వస్తున్నాయని లంకలవాళ్ళు ఏళ్ళతరబడి గోలపెడుతున్నారు. "ఈ గట్టు తగలెయ్య" అంటారు. పడవనీ "తగలెయ్య" అనే అంటారు. ఒకటి నిజం తిట్టు, ఒకటి దిష్టి తిట్టు. రెండూ పక్కపక్కన పెట్టి ఎంత చూసినా తేడా నాకే తెలియలేదు. అరుగు మీద కూర్చుని వింటే తెలియదు, వాళ్ళ మధ్య పుట్టాలి. పెట్టిన నియమాన్ని నా చేత్తో నేనే చెరిపేశాను.

పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. "పడవ ఒక్కదానికే వర్తించేలా రాయనా సార్?"

"ఒక్కదానికే ఎందుకని అడుగుతారు. వెళ్ళి చూశానని చెప్పాలి. మొహం చూసిన గుమాస్తా మాట చెల్లదు." శొంఠి ముక్క బుగ్గ మారింది. "ఇంతకీ సముద్రం ఎలా ఉంది?"

తెలిసిపోయింది. తలదించుకున్నాను. తిడతారనుకున్నాను, తిట్టలేదు. చట్టం తెరిచి, ఎప్పుడూ ఎవరూ చదవని ఒక పేజీ నా ముందు పెట్టారు. ఖరారు వారంలో ఒక ఊరినుంచి చెవికి ఒక్క మాటా వినపడకపోతే ఆజ్ఞ ఆగుతుంది. అప్పుడు గుమాస్తా స్వయంగా వెళ్ళి, ఇల్లిల్లూ తిరిగి, కావాలా వద్దా అని నోటితో అడిగి, రాసి సంతకం పెట్టాలి. ఆ రాతే ఆఖరి మాట.

"మరి మొహం చూడకూడదన్నారు?"

"చూడకుండా ఎలా అడుగుతావే? ఈ ముక్క నేనే పట్టుబట్టి రాయించాను. అప్పటికి నాకూ కొంచెం అనుమానం ఉండేది, చెవికి వినపడనివి కూడా ఉంటాయేమోనని."

"మరి ఇన్నేళ్ళలో ఎవర్నీ ఎందుకు పంపలేదు సార్?"

"వారంపాటు నోరు మూసుకుని కూర్చున్న తెలుగు ఊరు ఒక్కటి చూపించు."

నమోదు 7

జుబేదాగారికి ఫోన్లో చెప్పాను. ఫోను మాట చెవి వినదు, అరుగు మీద పెట్టిందే వింటుంది. ఆవిడ లంక లంకకీ పడవలో తిరిగి చెప్పారు: పడవ గురించి రాయడం మానేస్తే చాలదు, మొత్తం మానాలి. వేరే కబుర్లన్నీ చెప్పుకుంటూ పడవని మాత్రం వదిలేస్తే, చెవి దాన్ని "పట్టింపు లేదు" అనుకుని ఉన్న మార్కు కూడా పీకేస్తుంది. వంటలు, ఫొటోలు, పండగ శుభాకాంక్షలు, కోళ్ళ బేరాలు, ఏవీ పెట్టకూడదు.

జరగదనుకున్నాను. ఆఫీసు గోడమీద రాష్ట్రం బొమ్మ ఉంటుంది, మాటలు వస్తున్నచోటల్లా దీపాలు మినుకుమినుకుమంటాయి. ఖరారు వారం మొదలైన పొద్దున్న ఏటిమొగ వైపు దీపాలు తగ్గడం మొదలైంది. మధ్యాహ్నానికి నాలుగు మిగిలాయి. సాయంత్రానికి ఒక్కటీ లేదు. ఆఫీసంతా పని మానేసి ఆ నల్లమచ్చ ముందు నిలబడ్డారు. అక్కడ అంతా పోయారా ఏమిటని ఒకామె ఏడుపు మొహం పెట్టింది. పోలేదమ్మా, నోరు నొక్కుకుని ఉన్నారన్నాను.

జుబేదాగారు రోజూ ఫోన్లో కబుర్లు చెప్పేవారు. పక్క లంకలో ఒకరింట్లో పెళ్ళయిందట. ఫొటో ఒక్కటి కూడా పెట్టనివ్వలేదట. పెళ్ళికూతురు వెక్కి వెక్కి ఏడ్చింది, అప్పగింతలకి కాదు, ఫొటోలకి. ఇంకొకాయన క్రికెట్ మ్యాచ్ చూస్తూ ఆవేశం ఆపుకోలేక ఏదో రాయబోతే, వాళ్ళావిడ పలక లాక్కుని కుడితితొట్లో పడేసిందట. నవ్వాను గానీ లోపల ఒకటే బెంగ. ఎక్కడో ఒకడు, ఒక్క మాట జారితే చాలు. బొమ్మ ముందునుంచి కదలబుద్ధి కాలేదు. ఆ లంకల్ని ఇన్నాళ్ళూ చదివాను గానీ, ఇంత ఒళ్ళంతా చెవులు చేసుకుని ఎప్పుడూ వినలేదు.

వారం చివర్లో జుబేదాగారి ఫోను రాలేదు. నేను చేస్తే ఎత్తలేదు. ఇంకెవరి నంబరూ నా దగ్గర లేదు. అరుగు చూద్దామంటే అక్కడ ఒక్క అక్షరం లేదు. నూకరత్నం ఉందో లేదో రాష్ట్రంలో ఎవరికీ తెలిసే దారి లేదు. నేనే నోరు మూసుకోమన్నాను మరి, ఎవర్ని అడగను?

వారం ముగిసింది. నల్లమచ్చ నల్లమచ్చగానే ఉంది. ఆజ్ఞ ఆగింది. పెద్దాయన నా చేతికి కాగితాల కట్ట ఇచ్చి, "ఇన్నాళ్ళకి ఒక మనిషి వెళ్ళి అడగబోతోంది. సరిగ్గా అడుగు" అన్నారు. శొంఠి ముక్క ఇంకో బుగ్గకి వెళ్ళింది.

నమోదు 8

గోగుల్లంకలో లాంచీ దిగుతూనే పరిగెత్తాను. పడవ రేవులోనే ఉంది. మెట్టు మీద జుబేదాగారు చతికిలబడి టీ తాగుతున్నారు, కళ్ళు లోపలికి పోయాయి. "ఫోను నీళ్ళలో పడిపోయిందండీ, దాన్ని చూసుకునే తీరిక ఎక్కడ? కడుపు కోసి బిడ్డని తీయాల్సొచ్చింది. రక్తం ఆగలేదు. ఈ లంకలో సగంమంది వరసలో నిలబడి రక్తం ఇచ్చారు. వెళ్ళి చూడండి, ఇంటికి పంపేశాను."

కాసులమ్మ ఇంటిముందు లంకంతా పోగైంది. అడిగే మనిషి వస్తుందని వాళ్ళకి తెలుసు. ముందు కాసులమ్మ ఏం చెబుతుందో విందామని అందరూ చూస్తున్నారు. నులకమంచం మీద నూకరత్నం వెనక్కి ఆనుకుని ఉంది. మొహం పాలిపోయింది. ఒళ్ళో ఎర్రటి ఆడపిల్ల, గుప్పిళ్ళు బిగించి నిద్రపోతోంది. నా కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. బాగుందని నోటిదాకా వచ్చింది, మింగేశాను.

చట్టంలో ఉన్న మాట ఉన్నట్టు అడగాలి. అడిగాను. "ఈ పడవాసుపత్రి మీకు కావాలా, వద్దా? నోటితో చెప్పాలి."

కాసులమ్మ కొంగు నడుముకి బిగించి లేచి నిలబడింది. "నా కొడుకు పోయేడని ఊరందరి నోరూ కట్టేసేను. నా కోడలు సెప్పిందే నిజం, తుపానుకి కళ్ళు లేవు. ఈ పడవే లేపోతే ఇయ్యాల మా ఇంట్లో రెండు శవాలు లేచేయి. రాసుకో అమ్మాయిగోరూ. ఎవరేటి అనుకున్నా సరే. ఈ పడవ మాకు కా..."

నూకరత్నం కుట్లు నొప్పెడుతున్నా ముందుకి వంగి, ఖాళీగా ఉన్న చేత్తో అత్తగారి నోరు మూసేసింది.

"వద్దత్తా! అనకు!"

కాసులమ్మ ఆ చెయ్యి పక్కకి లాగింది. "అదేటే? దిష్టంట దిష్టి అని నన్ను తిట్టింది నువ్వే కదే మొన్న?"

"మొన్న నా సేతిలో పిల్ల లేదత్తా."

నూకరత్నం పిల్లని గుండెలకి హత్తుకుని నావైపు తిరిగింది. "వద్దు మేడంగారూ. రాసుకోండి. ఈ పాడు పడవ మాకొద్దు. దీని మొహం సూడలేక సత్తన్నాం." ఆ కళ్ళు మాత్రం నన్ను గట్టిగా పట్టుకుని వదల్లేదు.

కాసులమ్మ కోడల్ని చూసింది, పిల్లని చూసింది, మెల్లిగా కూలబడింది. "అవును. వద్దు" అంది.

కాగితం మీద కావాలి, వద్దు అని రెండే గళ్ళున్నాయి. జనం చెప్పిందొకటి, ఆఫీసరు రాసిందొకటి అన్న పెద్దాయన మాట చెవిలో గింగురుమంది. మా అమ్మ గుర్తొచ్చింది. బతికున్న మనిషిని పోయిందని రాసిన ఆ ఆఫీసరు చేతిలోనూ ఇలాంటి కలమే ఉండి ఉంటుంది. భయమేసింది, చెప్పొద్దూ. అయినా రాశాను.

తరవాత ఇల్లిల్లూ తిరిగాను. ప్రతి గుమ్మంలోనూ నిలబడి, మొహంలోకి చూసి అడిగాను. ఒక్క ఇల్లు తప్పకుండా అందరూ వద్దన్నారు. ఒక్క ఇల్లు తప్పకుండా అందరికీ "కావాలి" అని రాసి, కింద నా పేరు పెట్టాను.